అసలుకి వడ్డీ, వడ్డీకి వడ్డీ

మొన్నో ఆదివారం పొద్దున్న పెనం మీద పెసరట్టు పోసి ఉల్లిపాయ ముక్కలు జల్లుతున్నాను. హాల్లో దబ్బుమని చప్పుడయింది. తొంగి చూద్దును కదా, లెక్కల నోట్సు నేలమీద బోర్లా పడి ఉంది. మా అమ్మాయి సోఫాలో ముడుచుకుని గోడకేసి తిరిగి కూచుంది.

"నేనీ ఎం.పి.సి. చదవలేనమ్మా. మానేసి నీలాగే ఆర్ట్స్ తీసుకుంటాను" అంది.

ఆ "నీలాగే" అన్నమాట నాకెక్కడో చురుక్కుమంది. ఈలోగా పెనం మీద అట్టు కూడా చురుక్కుమంది. స్టవ్ ఆపేసి వచ్చి నోట్సు తీశాను. ఇరవైకి ఏడు మార్కులు. పేజీ నిండా ఎర్రసిరా. లెక్కలన్నీ ఒకే కుదురులో మొలిచినట్టున్నాయి.

"ఏమిటే ఇవి?"

"ఈ పవర్ త్రీ ఎక్స్, ఈ పవర్ ఎక్స్ స్క్వేర్. వాటికి డెరివేటివ్ కట్టాలి."

"ఈ పవరంటే ఏ పవరే?"

ఏడవబోయేది కాస్తా నవ్వేసింది. "అది మన ‘ఈ’ కాదమ్మా, ఇంగ్లీషు అక్షరం. అదో సంఖ్య. 2.718, తర్వాత చుక్కలు. ఈ పవర్ ఎక్స్‌కి డెరివేటివ్ కడితే మళ్ళీ అదే వస్తుంది. కానీ ఎక్స్ ఉండాల్సిన చోట త్రీ ఎక్స్ ఉంటే, లోపలున్నదానికి కూడా కట్టి, ఆ మూడు తెచ్చి బయట గుణించాలి. దాన్ని చైన్ రూల్ అంటారు. నేను ఆ మూడు వెయ్యడం మర్చిపోయాను. అయిదు లెక్కల్లోనూ మర్చిపోయాను."

"ఇంతకీ దీన్ని ఎవరు కనిపెట్టారే? ఎందుకు కావలసివచ్చింది?"

"అది సిలబస్‌లో లేదు" అంది.

సిలబస్‌లో లేనిదంటే నాకు మహా ఇష్టం. నవలలు రాసుకునేదానికి లెక్కలతో పనేమిటి అంటారేమో. కథ ఉన్నచోటల్లా నాకు పనుంటుంది. మావారు తెచ్చిపెట్టిన పుస్తకాలు ముందేసుకుని వారం రోజులు కూచున్నాను. తీరా చూస్తే ఆ అక్షరం వెనక ఉన్నది మనందరికీ బాగా తెలిసిన వడ్డీవ్యాపారమే!

స్విట్జర్లండులో రైన్ నది ఒడ్డున బాసెల్ అని ఒక ఊరుంది. పదిహేడో శతాబ్దంలో అక్కడ బెర్నూలీలని ఒక కుటుంబం ఉండేది. మసాలా దినుసుల వ్యాపారం వాళ్ళది. పెద్దకొడుకు యాకబ్‌ని తండ్రి మతశాస్త్రం చదివించాడు. కుర్రాడి మనసేమో లెక్కల మీద. ఇంట్లో వద్దన్నకొద్దీ చదివి, చివరికి ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే లెక్కల ఆచార్యుడయ్యాడు. ఆయన వేసుకున్న ప్రశ్న ఒకటి 1690లో లైప్‌జిగ్ నుంచి వచ్చే లాటిన్ పత్రికలో అచ్చయింది. మన భాషలో చెప్పుకుందాం.

ఒక రూపాయి అప్పిచ్చాం. ఏడాదికి నూటికి నూరు వడ్డీ. ఏడాది చివర ఒక్కసారే వడ్డీ కడితే రూపాయి రెండు రూపాయలవుతుంది. ఆర్నెల్లకోసారి వడ్డీని అసలులో కలిపేస్తే? రెండుంపావలా. మూడు నెలలకోసారి కలిపితే రెండు రూపాయల నలభై నాలుగు పైసలు. నెలనెలా కలిపితే రెండు అరవై ఒకటి. రోజూ కలిపితే రెండు డెబ్భై ఒకటి. సరే, గంటగంటకీ, నిమిష నిమిషానికీ, రెప్పపాటు కూడా ఖాళీ లేకుండా వడ్డీకి వడ్డీ కలుపుతూ పోతే? మన రూపాయి కోట్లకి పడగెత్తుతుందా?

ఎత్తదు. ఎంత ఆత్రంగా కలిపినా ఒకచోట ఆగిపోతుంది. ఆ హద్దు రెండున్నరకి పైన, మూడుకి లోపల ఉంటుందని యాకబ్ తేల్చాడు. అంతకంటే దగ్గరగా పట్టుకోలేదు, పేరూ పెట్టలేదు. మా అమ్మాయి చెప్పిన 2.718, తర్వాత చుక్కలు, అదే ఇది.

ఇక్కడిదాకా చదివి నేను పుస్తకం మూసేశాను. మా అమ్మ గాజులు గుర్తొచ్చాయి.

నేను పదో తరగతిలో ఉండగా, 1994లో, మా నాన్నగారికి జబ్బు చేసింది. అమ్మ తన రెండు బంగారు గాజులు తాకట్టు పెట్టి అయిదువేలు తెచ్చింది. నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీ. కాగితం మీద ‘చక్రవడ్డీ’ అని రాసే ఉంది. అమ్మ చదివే సంతకం పెట్టింది. ఆ మాట చదవగలిగింది గానీ దాని బలమెంతో ఆవిడకి తెలీదు. నెలకి నూట యాభై చొప్పున రెండేళ్ళకి మూడువేల ఆరువందలు, అసలుతో కలిపి ఎనిమిదివేల ఆరువందలు అని వేళ్ళమీద లెక్క వేసుకుంది. చీటీ పాడి, పాలడబ్బులు మిగిల్చి, రెండేళ్ళు తిరిగేసరికి సరిగ్గా ఆ మొత్తం కొంగున కట్టుకుని వెళ్ళింది. అతను పద్దు తీసి 10,164 రూపాయలన్నాడు. అమ్మ దగ్గర అంత లేదు. ఇచ్చిన గడువులోపల పుట్టలేదు కూడా. గాజులు పోయాయి. మోసమా అంటే కాదు, కాగితం మీద ఉన్నదే అడిగాడు. లెక్క ఒకళ్ళకి వచ్చు, ఇంకొకళ్ళకి రాదు. అంతే తేడా.

అదే ఇంట్లో, ఆ గాజులు తాకట్టులో ఉండగానే, "ఆడపిల్లకి లెక్కలెందుకు, పాలపద్దు రాసుకోవడం వస్తే చాలదూ" అంటూ పెద్దలు నన్ను ఆర్ట్స్‌లో చేర్పించారు. "నీలాగే" అన్నమాట నాకెందుకు చురుక్కుమందో ఇప్పుడు తెలిసిందిగా!

సరే, కథలోకి వద్దాం. అమ్మ అప్పు మొదటి నెల పెరిగింది నూట యాభై రూపాయలు. రెండేళ్ళ చివర, పదివేలు దాటాక, నెలకి మూడువందల అయిదు చొప్పున పెరుగుతోంది. రేటు మారలేదు. అప్పు పెద్దదయ్యింది కాబట్టి పెరిగే వేగమూ పెద్దదయ్యింది. ఎంత ఉంటే అంతకి తగ్గ వేగం. డెరివేటివ్ అంటే ఆ వేగమేనట. ఈ పవర్ ఎక్స్‌లో విశేషమేమిటంటే, ప్రతి క్షణంలోనూ దాని విలువ ఎంతో దాని పెరుగుదల వేగం కూడా సరిగ్గా అంతే. మూడు దగ్గర ఉంటే మూడు చొప్పున, పది దగ్గర ఉంటే పది చొప్పున పెరుగుతుంది. అందుకే దానికి డెరివేటివ్ కడితే మళ్ళీ అదే వస్తుంది.

మరి ఈ పవర్ త్రీ ఎక్స్? రేటు మూడురెట్లు చేశారన్నమాట. అప్పుడు వేగం ఉన్నంత కాదు, ఉన్నదానికి మూడురెట్లు. మా అమ్మాయి వెయ్యడం మర్చిపోయిన మూడు అదే. వడ్డీ రేటు మర్చిపోయి వడ్డీ కట్టినట్టు! అప్పిచ్చినవాడు అలా మర్చిపోతే ఎంత బాగుండేది!

ఇక చైన్ రూల్ సంగతి. దాని జాడ మొదట కనిపించేది జర్మనీవాడైన లీబ్నిజ్ కాగితాల్లో. ఆయన లెక్కల మేష్టరు కాడు. న్యాయశాస్త్రం చదివి, ప్రభువుల కొలువులో రాయబారాలు నడిపి, హానోవర్‌లో గ్రంథాలయం చూసుకుంటూ, రాజవంశ చరిత్ర రాసిపెట్టే ఉద్యోగి. ఖాళీ దొరికినప్పుడల్లా లెక్కలు. 1675లో పారిస్‌లో ఉండగా డీవై, డీఎక్స్ అనే గుర్తులు పెట్టుకున్నాడు. ఇంగ్లండులో న్యూటన్ అంతకు దాదాపు పదేళ్ళ ముందే ఇదే శాస్త్రాన్ని తన పద్ధతిలో సాధించి, అచ్చువెయ్యకుండా దాచుకున్నాడు. తర్వాత వాళ్ళిద్దరి మధ్యా అయిన రభస వేరే పురాణం. కానీ పిల్లలు ఇవాళ్టికీ రాస్తున్నవి మాత్రం ఎక్కువగా లీబ్నిజ్ గుర్తులే. చైన్ రూల్‌ని ఆ గుర్తులతో రాస్తే మధ్యలో ఉన్నది పైనా కిందా కొట్టేసినట్టు కనిపిస్తుంది, చూడగానే నమ్మబుద్ధవుతుంది.

నాకు అంతకంటే బాగా నమ్మకం కుదిరింది మా అమ్మ తొక్కుడు కుట్టుమిషను దగ్గర. కింద పెద్దచక్రం ఒకసారి తిరిగితే పైన చిన్నచక్రం మూడుసార్లు తిరుగుతుందనుకోండి. చిన్నచక్రం ఒకసారి తిరిగితే ఒక కుట్టు పడుతుంది. నిమిషానికి అరవైసార్లు పెద్దచక్రాన్ని తిప్పితే కుట్లెన్ని? అరవై కాదు, అరవైమూడు కాదు, నూట ఎనభై. ఒక వేగం ఇంకో వేగాన్ని నడిపిస్తుంటే, రెండూ కూడకూడదు, గుణించాలి. అదే చైన్ రూల్. త్రీ ఎక్స్‌లో లోపలి చక్రం ఎప్పుడూ మూడే. ఎక్స్ స్క్వేర్ అయితే లోపలి చక్రం వేగం తనూ మారుతూ పోతుంది, ఎంత దగ్గరుంటే దానికి రెట్టింపు. అందుకని బయట టూ ఎక్స్‌తో గుణించాలి. ఇంతే!

ఇంతకంటే నాకు సంతోషం కలిగించిన విషయం ఇంకోటుంది. 1676లో రాసుకున్న కాగితంలో లీబ్నిజ్ ఒక వర్గమూలం లోపల ఇంకో పదాల గుంపు ఉన్న లెక్క తీసుకుని ఈ పద్ధతి ప్రయోగించాడు. అందులో గుర్తు తప్పు పడింది! ప్లస్సు మైనస్సుల తప్పు. పుట్టించినవాడికే మొదటి లెక్క తప్పింది. పాపం, ఆయన నోట్సు మీద ఎర్రసిరా పెట్టేవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాతైనా దాన్నొక సూత్రంగా తీర్చిదిద్దారా అంటే లేదు. 1696లో ఫ్రాన్సులో లోపిటాల్ ప్రభువు ఈ శాస్త్రానికి మొట్టమొదటి పాఠ్యపుస్తకం వేశాడు. అందులో ఈ పద్ధతి వాడాడే తప్ప సూత్రమని పేరుపెట్టి చెప్పలేదు. ఇప్పటి రూపంలాంటిది 1797లో లాగ్రాంజ్ పుస్తకంలో కనిపిస్తుంది. అంటే 1676 నుంచి లెక్కేస్తే నూట ఇరవై ఒక్క ఏళ్ళు. మహామహులకి అంతకాలం పట్టిన విషయాన్ని మా అమ్మాయికి ఒక్క పీరియడ్‌లో చెప్పేసి, మర్నాడు పరీక్ష పెట్టారు. ఇది న్యాయమేనా, మీరే చెప్పండి!

అన్నట్టు ఆ లోపిటాల్ ప్రభువుకి పాఠం చెప్పింది మన యాకబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ. ఏడాదికి మూడువందల ఫ్రాన్సు నాణేలిస్తాను, నువ్వు కొత్తగా కనిపెట్టినవి నాకే చెప్పాలి అని ప్రభువు 1694లో ఒప్పందం చేసుకున్నాడు. ఇవాళ పిల్లలు ‘లోపిటాల్ సూత్రం’ అని వల్లించేది నిజానికి యోహాన్‌దే. ఈ యోహానే 1697లో, ఘాతంలోనే అక్షరాలు కూచున్న ఈ రకం లెక్కలకి విడిగా ఒక వ్యాసం రాసి దారి వేశాడు. ఎక్స్ నెత్తిమీద ఎక్స్‌నే కూచోబెట్టి దానికీ డెరివేటివ్ కట్టి చూపించాడు.

అన్నదమ్ములిద్దరూ మొదట కలిసి చదువుకున్నారు. తర్వాత పత్రికల్లోనే ఒకళ్ళనొకళ్ళు దులిపేసుకున్నారు. తోడికోడళ్ళు కూడా అంతలా పడరు. యాకబ్ 1705లో పోయాడు. తను ప్రేమించిన ఒక సుడిరేఖని సమాధి మీద చెక్కించమన్నాడు. నత్తగుల్లలో మలుపు మలుపుకీ అదే నిష్పత్తిలో వెడల్పయ్యే సుడి ఉంటుందే, అది. మన వడ్డీ లెక్కకి తోబుట్టువు, ‘ఈ’తోనే రాస్తారు దాన్ని. మారినా నేను నేనుగానే మళ్ళీ లేస్తాను అనే అర్థం వచ్చే లాటిన్ మాట కూడా చెప్పి మరీ పోయాడు. మాట సరిగ్గానే చెక్కారు. బొమ్మ దగ్గర శిల్పి పొరబడి, చుట్టచుట్టుకీ సమానదూరం ఉండే వేరే సుడి చెక్కిపెట్టాడు. ఇప్పటికీ బాసెల్ పెద్దచర్చిలో ఆ రాయి అలాగే ఉంది.

మరి ఆ సంఖ్యకి ‘ఈ’ అని పేరెవరు పెట్టారు? యోహాన్ శిష్యుడు, అదే బాసెల్‌లో 1707లో పుట్టిన ఆయిలర్. లీబ్నిజ్ తన ఉత్తరాల్లో దాన్ని ‘బి’ అన్నాడు గానీ అది నిలవలేదు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తూ ఆయిలర్ 1731లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ‘ఈ’ అన్నాడు, అదే ఖాయమైంది. 1748లో ఆయన రాసిన పెద్దపుస్తకంతో లోకమంతా పాకింది.

ఆ 1748 దగ్గర నేను మళ్ళీ ఆగాను. సరిగ్గా ఆ ఏడే ఇటలీలో, మిలాన్‌లో, రెండు పెద్ద సంపుటాల లెక్కల పుస్తకం ఇంకొకటి వెలువడింది. బీజగణితం మొదలుకొని ఈ కొత్తశాస్త్రం దాకా, లాగరిథమ్‌లూ ఘాతాల లెక్కలతో సహా, వరసగా బోధించే పుస్తకం. పండితుల లాటిన్‌లో కాదు, ఇంట్లో మాట్లాడుకునే ఇటాలియన్‌లో. రాసినావిడ పేరు మరియా గాయెటానా ఆన్యేజీ. వయసు ముప్పై.

ఆవిడ తండ్రి మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. ఇరవైమందికి పైగా పిల్లలు. అందరిలోకీ పెద్దది ఈ అమ్మాయి. తమ్ముళ్ళకి పాఠం చెప్పడం కోసం మొదలుపెట్టిందే ఆ గ్రంథమయిందని చెప్తారు. అచ్చు తప్పులు పోకుండా దగ్గరుండి చూసుకోవడానికి ముద్రణయంత్రాన్ని ఇంటికే తెప్పించారు. ఊహించండి, ఒకపక్క అంతమంది పిల్లల గోల, ఇంకోపక్క అచ్చుయంత్రం చప్పుడు, మధ్యలో ప్రూఫులు దిద్దుకుంటూ ఆవిడ! వంటింట్లో నవలలు రాసే నాలాంటివాళ్ళం ఇంక ఏమని ఫిర్యాదు చేస్తాం?

పుస్తకం చూసి మహారాణి మరియా థెరీసా వజ్రపుటుంగరం పంపింది. 1750లో పోపు బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి ఇచ్చాడు. ఆవిడ ఆ ఊరు వెళ్ళనేలేదు. 1752లో తండ్రి పోయాక లెక్కలు వదిలేసి, బీదాబిక్కీకి సేవచేస్తూ, 1799లో ఆ బీదవాళ్ళ మధ్యనే కన్నుమూసింది.

కేంబ్రిడ్జి ఆచార్యుడు జాన్ కోల్సన్ ముసలితనంలో ఇటాలియన్ నేర్చుకుని మరీ ఆవిడ పుస్తకాన్ని ఇంగ్లీషు చేశాడు. అది అచ్చయ్యేసరికి 1801 వచ్చింది, ఆయన పోయి నలభై ఏళ్ళు. ఎంత మంచివాడో! కానీ ఒక వంపురేఖ పేరు దగ్గర దెబ్బతిన్నాడు. ఆ ఇటాలియన్ మాటని దానికి దగ్గరగా ఉన్న ఇంకో మాట అనుకుని ‘మంత్రగత్తె’ అని తర్జుమా చేశాడు. అప్పట్నుంచి ఇంగ్లీషు లెక్కల పుస్తకాల్లో ఆవిడ పేరు ‘ఆన్యేజీ మంత్రగత్తె’గానే మిగిలింది. ఆడది లెక్కలు చేస్తే ఏమంటారో చూశారా, పొరపాటున అన్నా సరే!

ఇంకొకావిడ గురించి చెప్పి ముగిస్తాను, ఆవిడ మన బంధువు కాబట్టి. స్కాట్లండులో 1780లో పుట్టిన మేరీ సోమర్‌విల్. చిన్నప్పుడు ఒక టీ విందులో కలిసిన స్నేహితురాలు, తన కుట్టుపని చూపిస్తానని ఇంటికి పిలిచి, ఆడవాళ్ళ మాసపత్రిక తెరిచిందిట. అందులో ఒక చిక్కుప్రశ్న, పేజీ తిప్పితే ఎక్స్‌లూ వైలూ. ఏమిటివి అని అడిగితే, ఆల్జీబ్రా అంటారు, అంతకంటే నాకు తెలీదు అందిట ఆ స్నేహితురాలు. ఆ పిల్ల ఇక నిద్రపోలేదు. తమ్ముడి మేష్టరు ద్వారా పుస్తకాలు తెప్పించుకుంది. రాత్రిళ్ళు చదువుతోందని ఇంట్లోవాళ్ళు కొవ్వొత్తులు తీసేశారు. చీకట్లో పడుకుని జ్ఞాపకం నుంచే రేఖాగణితం వల్లెవేసుకుంది. మొదటిభర్త పోయాక చేతిలో నాలుగు డబ్బులూ, తన ఇష్టప్రకారం చదువుకునే వీలూ వచ్చాయి. ముప్పై మూడో ఏట కావలసిన లెక్కల పుస్తకాలన్నీ ఒక్కసారి కొనుక్కుంది. 1831లో ఆవిడ గ్రహగతుల మీద ప్రచురించిన పుస్తకాన్ని కేంబ్రిడ్జిలో మగపిల్లలు చదువుకున్నారు. ఇదంతా ఆడవాళ్ళ మాసపత్రికలో ఒక పేజీలోంచి! మన పత్రికల్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

ఈ కథలన్నీ వారం రోజులు రాత్రిళ్ళు మా అమ్మాయికి చెప్పాను. బదులుగా అది నాకు లెక్కలు చెప్పింది. ఈ పవర్ ఫైవ్ ఎక్స్‌కి డెరివేటివ్ నేను సొంతంగా కట్టాను. నవ్వకండి, అయిదు కూడా మర్చిపోకుండా వేశాను. ఆర్ట్స్ సంగతి అది మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. తర్వాతి పరీక్షలో పద్నాలుగు వచ్చాయి.

"ఇక్కడ మూడు మార్కులెందుకు పోయాయే?"

"మైనస్ గుర్తు. లీబ్నిజ్‌కీ అదేగా అమ్మా" అంది, ఆయనేదో పక్కబెంచీవాడైనట్టు.

కిందటివారం మా అమ్మ వచ్చింది. ఇప్పుడావిడ చేతులకి మట్టిగాజులే. మనవరాలు పక్కన చేరి, చిరిగిన క్యాలెండరు కాగితం వెనక అయిదువేల అప్పు లెక్క నెలనెలా ఇరవై నాలుగు వరసలు వేసింది. చివర 10,164 వచ్చింది. "అమ్మమ్మా, క్షణక్షణానికీ వడ్డీ కలిపినా 10,272. ఇంకో నూట ఎనిమిదే ఎక్కువ" అంది.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క వరసా వేలుపెట్టి చదివింది. ఎనిమిదివేల ఆరువందలు దాటిన నెల దగ్గర వేలు కాసేపు ఆగింది. "అయితే అతను తప్పు లెక్క వెయ్యలేదన్నమాట. ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను" అంది. తర్వాత ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి తన సంచిలో పెట్టుకుంది.

"నీకెందుకమ్మా అది?" అన్నాను.

"ఉండనీ. నాకు లెక్క చెప్పినవాళ్ళు ఇదొక్కత్తే" అని మనవరాలి తల నిమిరింది. అసలు కంటే వడ్డీ ముద్దని ఊరికే అన్నారా!